మర్యాద మీద పన్ను

వ్యాను కుడివైపు తుడవడం అయ్యేసరికి బకెట్లో నీళ్లు బూడిదరంగుకి తిరిగాయి. గుడ్డ పిండి ఎడమవైపుకి వచ్చాను. రోజూ పొద్దున్నే చేసే పనే ఇది. బండి కదలకపోయినా దుమ్ముకి సెలవుండదు.

ఎడమవైపు తలుపు పక్కన, నీలం రంగు కింద, ఏవో అక్షరాల అంచులు చేతికి తగులుతాయి. కంటికి కనపడవు. తడిగుడ్డ మీదుగా వేళ్లకు మాత్రం తెలుస్తాయి. కాపురానికి వచ్చిన కొత్తలో మామయ్యని అడిగితే, "పాత రంగు సరిగ్గా గీకలేదమ్మా" అన్నారు. నలభై ఏళ్లు ఇళ్లకు రంగులు వేసిన మనిషి ఆయన. గోడ మీద ఈగ కాలంత గరుకున్నా ఉప్పుకాగితం పట్టి రుద్దేవారు. అలాంటి మనిషి తన సొంత బండిని గీకకుండా రంగు వేశారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. కానీ మళ్లీ అడగలేదు.

వ్యానుకి ఎదురుగా మా నాన్న కారు ఉంది. వాకిలి చిన్నది కావడంతో రెండూ ముక్కుకి ముక్కు ఆనించుకుని నిలబడ్డాయి. పోట్లాడుకున్న ఇద్దరికి పక్కకు తిరిగే చోటు కూడా లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉన్నాయి.

ఎందుకు నిలబడ్డాయో రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాను.

నేను సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ కుట్టి బిగిస్తాను. సామాను మొయ్యడానికి వ్యాను కావాలి. మామయ్యకి మోకాళ్లు అరిగి పని మానేశాక ఆయన వ్యాను ఖాళీగా పడి ఉంది. అంత ఎత్తు ఎక్కలేకపోతున్నాను, చిన్న కారైతే బాగుండు అనేవారు. మా నాన్న గడియారాలు బాగుచేస్తారు. కొట్టు ఇంటి కిందకే మార్చుకున్నాక ఆయన కారుకి పని లేక టైర్లు నేలకి అంటుకుపోతున్నాయి. వ్యాను కోడలికి ఇచ్చేస్తానన్నారు మామయ్య. "ఊరికే ఎందుకు బావగారూ, కారు మీరు తీసుకోండి, వ్యాను నేను తీసుకుని అమ్మాయికిస్తాను" అన్నారు నాన్న. బండికి బండి. చిల్లిగవ్వ చేతులు మారలేదు. టీ తాగి తాళాలు మార్చుకున్నారు.

యజమాని పేరు మార్చమని ఎవరి కాగితం వాళ్లు నింపి, కవరు అంటించి, నా చేతికిచ్చారు. రెండూ నేనే పోస్టు చేశాను. ఆరు రోజుల కిందట రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఇద్దరికీ చెరో ఉత్తరం వచ్చింది. మామయ్యకి వచ్చినదాంట్లో ఇలా ఉంది. మీరు తీసుకున్న కారు విలువ నాలుగు లక్షలని మీరు రాశారు. ఇచ్చిన వ్యక్తి రెండు లక్షలే అని రాశారు. ఈ తేడాకి కారణం చూపాలి. చూపకపోతే తేడాని చాటున చేతులు మారిన సొమ్ము కింద లెక్కగట్టి రెట్టింపు పన్ను వేస్తాం. తేలేదాకా రెండు బండ్లూ రోడ్డెక్కకూడదు. గడువు శనివారం మధ్యాహ్నం.

"అంటే తన కారు రెండు లక్షలదేనని ఆయనకి ముందే తెలుసన్నమాట" అన్నారు మామయ్య. నాన్నకి ఫోన్ చేస్తే, "మీ మామగారి పెద్దమనిషితనం కాగితం మీద చూశాన్లేమ్మా" అని పెట్టేశారు.

ఇవాళ గురువారం. సోమవారం పెద్దాస్పత్రి వరండాల్లోని అరవై కుర్చీలు నేను పట్టుకురావాలి. నా చేతికి ఇంత పెద్ద పని రావడం ఇదే మొదటిసారి. కాగితాలు సరిగ్గా లేని బండిని ఆ గేటు దగ్గరే ఆపేస్తారు. నేను వెళ్లలేకపోతే ఆ పని కోసం వెనక ఇద్దరు కాచుకుని ఉన్నారు.

అంతకన్నా పెద్ద భయం ఇంకొకటుంది. మా వీధి చివర కుడికి తిరిగితే బస్టాపు నాలుగడుగులు. మామయ్య మాత్రం మోకాళ్ల నొప్పితో కూడా ఎడమకు తిరిగి చుట్టూ నడిచి వెళ్తారు. కుడివైపు దారిలో వాళ్ల అన్నయ్యగారి ఇల్లుంది. ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. ఎందుకో ఇంట్లో ఎవరూ చెప్పరు. మాట మానడంలో అంత ఓపికున్న మనిషి మా నాన్నతో మాట మాని ఆరు రోజులైంది. ఆరు రోజులు పదకొండేళ్లు కావడానికి ఎంతో పట్టదు.

బకెట్టు ఒలకబోసి లోపలికి వెళ్లాను. హాల్లో గోడ గడియారం ఏడుంపావు దగ్గర ఆగి ఉంది.

"అది నిన్నటి నుంచీ ఏడుంపావే చూపిస్తోంది" అంది అత్తయ్య వంటగదిలోంచి. "మాత్రలు వేసుకోమంటే ఇంకా టైమవలేదంటారు మీ మామయ్య. దానికి కూడా ఈ ఇంటి గాలి సోకింది. అలిగింది."

"నాన్నకి ఫోన్ చేశాను అత్తయ్యా. వచ్చి చూస్తానన్నారు."

అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నన్ను తేరిపార చూసింది. "గడియారం కోసమా?"

"గడియారం కోసమే."

"నువ్వు నోట్లో నాలుక లేనిదానివనుకుంటారు అందరూ" అంది. ఇంకో కప్పుకి నీళ్లు ఎక్కువ పొయ్యడానికి లోపలికి వెళ్లిపోయింది.

పది కావస్తుండగా నాన్న వచ్చారు. చేతిలో ఆయన చిన్న తోలుపెట్టె. వాకిట్లో తన కారు దగ్గర ఒక్క క్షణం ఆగి, దాని అద్దం మీద పడ్డ ఎండుటాకు తీసి పారేశారు. అలవాటు కొద్దీ తీసినట్టున్నారు, వెంటనే చెయ్యి జేబులో పెట్టుకున్నారు. మామయ్య కిటికీ పక్క కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. పేపరు దించలేదు.

"రండి అన్నయ్యగారూ" అంది అత్తయ్య.

"గడియారం చూసి వెళ్తాను చెల్లెమ్మా. పని ఉంది" అన్నారు నాన్న.

స్టూలెక్కి గడియారం దించి నా కుట్టు బల్ల మీద పెట్టారు. తలుపు తీసి, కంటికి భూతద్దం తగిలించుకుని, లోలకం వెనక వేలు పెట్టారు. నేను ఇరికించిన దూది ముక్క బయటికొచ్చింది. దాన్ని నా వైపు పట్టుకుని చూపించారు.

"ఇది ఆగిందా, ఎవరైనా ఆపారా?"

నేను తల వంచుకున్నాను. కిటికీ వైపు నుంచి పేపరు గలగలమంది.

"కొందరికి గడియారాలే తెలుసు" అన్నారు మామయ్య గోడతో చెబుతున్నట్టు. "కారు ఎంత చేస్తుందో తెలియదనుకున్నాం. అదీ బాగానే తెలుసట."

నాన్న భూతద్దం తియ్యలేదు. "పైన రంగు బాగా పూస్తే లోపల తుప్పు ఎవరికి కనబడుతుంది చెల్లెమ్మా? అదో విద్య."

"తుప్పా? నా బండికా?" పేపరు దిగింది. "దాని కింద చాప వేసుకుని పడుకోవచ్చు. నూనె బొట్టు కారదు!"

"మరి రెండు లక్షలని మీరే ఎందుకు రాశారు?"

"రెండు లక్షలని రాసింది మీరు!"

"నేను నాలుగు రాశాను!"

"నాలుగు రాసింది నేను!"

"ఇదిగో, నన్ను మధ్యలో పెట్టి ఉతక్కండి, నేను చాకిరేవు బండని కాదు" అంది అత్తయ్య. టీ కప్పులు బల్ల మీద ఠక్కుమని పెట్టింది. "ఒకాయన గోడతో మాట్లాడతాడు, ఒకాయన నాతో మాట్లాడతాడు. మనిషితో మనిషి మాట్లాడేవాళ్లు ఎవరూ లేరా ఇంట్లో?"

నేను బల్ల సొరుగు తీశాను. అందులో మామయ్యకి వచ్చిన ఉత్తరం ఉంది. నాన్నకి వచ్చింది ఆయన జేబులోనే ఉంటుందని నాకు తెలుసు. మనసుకి కష్టం కలిగించిన కాగితాన్ని నాన్న ఇంట్లో వదిలి రారు, వెంట తిప్పుతారు.

"నాన్నా, మీ ఉత్తరం ఇవ్వండి."

ఏమనుకున్నారో, తీసి ఇచ్చారు. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర నలిగిపోయి ఉంది. నాన్న ఉత్తరం మామయ్య చేతిలో పెట్టాను. మామయ్య ఉత్తరం నాన్న చేతిలో పెట్టాను.

"బండ్లు మార్చుకున్నారు కదా. ఉత్తరాలు కూడా మార్చుకుని చదవండి" అన్నాను. ఆ ఇద్దరి ముందూ నేను అంత పొడుగు మాట అనడం అదే మొదటిసారనుకుంటాను.

నాన్న కంటికి భూతద్దం ఉండగానే చదవడం మొదలుపెట్టి, అక్షరం ఒక్కొక్కటీ గుమ్మడికాయంత కనబడిందో ఏమో, తీసేసి మళ్లీ మొదట్నుంచి చదివారు. మామయ్య పెదాలు కదుపుతూ చదివారు. ఒకచోట ఆగి వెనక్కి వెళ్లారు.

"మీరు తీసుకున్న వ్యాను విలువ నాలుగు లక్షలని మీరు రాశారు" అని పైకి చదివారు. "ఇచ్చిన వ్యక్తి రెండు లక్షలే..." తల ఎత్తారు. "నా వ్యానుకి నాలుగు లక్షలని రాశారా మీరు? బావగారూ! పద్నాలుగేళ్ల బండి అది. వెనక తలుపుకి తాడు కట్టి ఉంది!"

"మరి మీరు నా కారుకి నాలుగని రాశారు! చలికాలం అది స్టార్టవ్వాలంటే వీధిలో వాళ్లంతా తొయ్యాలి!"

"వియ్యంకుడిచ్చిన కారు. రెండు లక్షలని ఎలా రాస్తాను? రేప్పొద్దున ఆ కాగితం మీ కంటపడితే ఏమనుకుంటారు?"

"నేను కూడా అదే కదా అనుకున్నాను. పిల్లనిచ్చిన ఇల్లు. వాళ్ల బండి తక్కువని నా చేత్తో నేను రాస్తానా?"

"మరి మీ కారుకి మీరే రెండని..."

"ఎవరి వస్తువు వాళ్లే పొగుడుకుంటారా, అసహ్యంగా?"

మామయ్య కూడా అందుకే తన వ్యానుకి రెండని రాశారు.

ముందు అత్తయ్యకి నవ్వొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుంది కానీ ఆగలేదు. కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ, "ఆ మధ్య ముగ్గురం కలిసి ఊరికి బయల్దేరాం, గుర్తుందా?" అంది. "బస్సు వచ్చి ఆగింది. ముందు మీరెక్కండి బావగారూ అని ఈయన. లేదు లేదు మీరెక్కండి అని ఆయన. కండక్టరు చూసి చూసి విజిలేశాడు. ఇద్దరూ అక్కడే నిలబడ్డారు, నేనొక్కదాన్నే ఊరెళ్లాను!"

నాన్న నవ్వారు. మామయ్య నవ్వకూడదనుకుని మీసం సర్దుకున్నారు, కానీ ఆయన భుజాలు ఊగుతున్నాయి. ఆరు రోజులుగా ఈ ఇంట్లో చప్పుడంటే గిన్నెలదే. నా ఛాతీలో బిగించి కుట్టినట్టున్న దారమేదో పుటుక్కున తెగింది. నేను కూడా నవ్వాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆరు రోజులు బావగారూ" అన్నారు నాన్న. "రాత్రి పడుకుంటే కారు కళ్లముందుకొచ్చేది. మోసం చేశాననుకుంటున్నారేమోనని."

"నేను మీరు నన్ను మోసగాడనుకుంటున్నారని..." మామయ్య మాట పూర్తి చెయ్యకుండా టీ కప్పు నాన్న ముందుకి జరిపారు. "తాగండి. చల్లారిపోతుంది."

"ముందు మీరు తీసుకోండి."

"చంపేస్తాను ఇద్దర్నీ" అంది అత్తయ్య.

అప్పుడు చెప్పాను, నిన్న దారం కొనుక్కొస్తానని వెళ్లింది రిజిస్ట్రేషన్ ఆఫీసుకని. రెండు గంటలు వరసలో నిలబడ్డాను. నా ముందు ఒకాయన మోటారు సైకిలు ఇచ్చి పడవ తీసుకున్నాడట, ఆ పడవకి చక్రాల బండి ఉంటే దానికి వేరే కాగితం కావాలా అని అడుగుతున్నాడు. నా వంతు వచ్చేసరికి కౌంటరు ఆవిడ బిస్కట్టు టీలో ముంచి, నా మొహం చూసి, ఆ బిస్కట్టు విరిగి కప్పులో పడిపోయేదాకా నేను చెప్పింది వింది. లేచి వెళ్లి వాళ్లిద్దరి కాగితాలూ తెచ్చి పక్కపక్కన పెట్టింది. రెండు నిమిషాలు చూసింది.

"వీళ్లు ఒకరికొకరు ఏమవుతారు?" అంది.

"వియ్యంకులు."

"అదీ సంగతి" అంది. "మేం దొంగలెక్కలు రాసేవాళ్లని పట్టుకోవడానికి ఇవన్నీ పెట్టాం. పన్ను తగ్గించుకోవడానికి ఎదుటివాడి బండి విలువ తగ్గించి రాస్తారు అందరూ. ఎక్కువ రాసినవాళ్లని నా పద్దెనిమిదేళ్ల సర్వీసులో చూడలేదు. మర్యాద మాటల్లో ఉంటే పన్నుండదమ్మా. అంకెల్లో రాస్తే దాని మీద కూడా పడుతుంది."

ఇది చెప్పేసరికి మామయ్య ముందుకి వంగారు. "సరే, తప్పు మాదే. కానీ నాకు అర్థం కానిదొకటుంది. బండికి బండి ఇచ్చుకున్నాం. ఎవరూ ఏదీ కొనలేదు, అమ్మలేదు. మధ్యలో పన్నెందుకు?"

"నేనూ అదే అడిగాను మామయ్యా. డబ్బు మారకపోయినా బండ్లు మారాయి కదా అంది. బండి ఇచ్చి బండి తెచ్చుకుంటే, ఇచ్చిన బండే తెచ్చిన బండికి ధర అట. అందుకని ఎవరి చేతికి ఏది వచ్చిందో దాని విలువ మీద వాళ్లు పన్ను కట్టాలి. రెండు పేర్లు మారుతున్నాయి కాబట్టి పేరు మార్పు రుసుము కూడా రెండుసార్లు."

"ఇద్దరూ?" అన్నారు నాన్న.

"ఇద్దరూ."

"నాలుగేసి లక్షల మీద" అన్నారు మామయ్య.

"కాదు. వాళ్ల దగ్గర ఏ బండి ఎన్నేళ్లదైతే ఎంతో ఒక పుస్తకం ఉంది. అందులో మీ వ్యాను, నాన్న కారు ఒక్క ధరకే ఉన్నాయి. రెండుంపావు."

ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.

"రెండూనా?" అన్నారు నాన్న.

"రెండూ. ఒకరు ఎక్కువిచ్చింది లేదు, ఒకరు తక్కువిచ్చింది లేదు."

ఇద్దరూ కుర్చీల్లో వెనక్కి వాలడం చూశాను. రెట్టింపు పన్ను లేదన్న మాట కన్నా ఆ మాటే వాళ్లకి ఎక్కువ ఊరటనిచ్చిందనుకుంటాను.

మిగతాది కూడా చెప్పాను. ఇద్దరూ కలిసి ఒకే కాగితం మీద ఒకే ధర రాసి, ముందు రాసింది పొరపాటని సంతకాలు పెడితే జరిమానా లేదు. పన్ను, రుసుములు కట్టిన రోజునే బండ్లు రోడ్డెక్కొచ్చు. ఆ తర్వాత నాన్న పేరు మీది వ్యాను నా పేరుకి మార్చడానికి పన్నే లేదు. తండ్రి పిల్లలకిచ్చే బండికి కాగితం రుసుము ఒక్కటే.

"పన్ను లేదా?" అత్తయ్య ఆశ్చర్యపోయింది. "అయితే ఈయన తిన్నగా కోడలికే ఇచ్చేసుంటే? కొడుకు పెళ్లాం కూతురు కాదా?"

"అడిగాను అత్తయ్యా. కోడలు ఆ జాబితాలో లేదట. కొడుకుంటాడు, కూతురుంటుంది."

"రాసినవాడికి కోడలు లేనట్టుంది" అన్నారు మామయ్య. నాకు ఎందుకో కళ్లలో నీళ్లు తిరిగాయి. సూది వెతుకుతున్నట్టు బల్ల కిందకి వంగాను.

కౌంటరు ఆవిడ ఇచ్చిన కొత్త కాగితం తీసి బల్ల మీద పరిచాను. ఫోము ముక్కలు పక్కకి తోసి చోటు చేశాను. నాన్న తన పెన్ను తీశారు. గడియారాల బిళ్లల మీద అంకెలు దిద్దే చేతి రాత ఆయనది. వ్యాను, రెండు లక్షల పాతిక వేలు. కారు, రెండు లక్షల పాతిక వేలు. అంకెలన్నీ ఒక్క ఎత్తులో నిలబడ్డాయి.

"పన్ను రెండూ నేనే కట్టేస్తాను" అన్నారు మామయ్య. "మా ఇంటికొచ్చిన పిల్ల పని కోసమే కదా ఇదంతా."

"అదెలా కుదురుతుంది బావగారూ? మొదట కారు తీసుకోమన్నది నేను. రెండూ నేనే..."

"కొత్త కాగితం తెచ్చింది ఒక్కటే" అన్నాను నేను మెల్లిగా. "ఇది కూడా పాడైతే మళ్లీ రెండు గంటలు వరసలో నిలబడాలి."

అత్తయ్య నా వీపు మీద ఒక్కటి చరిచింది, మెచ్చుకోలుగానే.

నాన్న సంతకం పెట్టారు. పెట్టి, పెన్ను మామయ్యకిచ్చి, తోలుపెట్టె అడుగు అర తీసి తన కారు అసలు కాగితం బయటికి తీశారు. ప్లాస్టిక్ కవరులో కొత్తదానిలా ఉంది. "ఇది కూడా చూపించాలి కదమ్మా?"

"అవును. రెండు బండ్లవీ. ముందు పంపినప్పుడు విలువలే అడిగారు. పేరు మార్చేటప్పుడు మాత్రం అసలు కాగితం చూస్తారట. దాని మీద ఎన్ని పేర్లుంటే అన్ని సంతకాలు ఇక్కడ ఉండాలి." కాగితం అడుగున ఉన్న గీతలు చూపించాను. "మామయ్యా, వ్యానుది ఎక్కడుంది?"

మామయ్య చేతిలోని పెన్ను కాగితం మీద ఆని ఉంది. సంతకం మొదలుపెట్టలేదు. ఆనిన చోట సిరా చుక్క మెల్లిగా పెద్దదవుతోంది.

"అది... రేపు చూద్దాంలే" అన్నారు.

"రేపటిదాకా ఎందుకు? బిస్కట్ల డబ్బాలోనే కదా ఉంది" అంది అత్తయ్య లేస్తూ.

"నువ్వు కూర్చో. నేను తీస్తాను."

"ఆ మోకాళ్లతో బీరువా పై అరకా? కూర్చోండి."

లోపల బీరువా తలుపు కిర్రుమంది. డబ్బా మూత తెరుచుకున్న చప్పుడైంది. నాన్న ఇదేదీ పట్టించుకోకుండా గడియారానికి తాళం తిప్పుతున్నారు. మామయ్య మాత్రం లోపలి గది వైపు చూడకుండా కిటికీలోంచి వ్యాను వైపు చూస్తున్నారు. ఆయన మొహంలో కోపం లేదు. ఆరు రోజులుగా చూసిన మొహం కాదది. ఏదో బరువు దించుకోబోయే ముందు కూలీవాడు చోటు కోసం చూస్తాడే, అలా ఉంది.

అత్తయ్య కాగితం విప్పుకుంటూ వచ్చింది. గుమ్మం దాటాక ఆమె అడుగులు నెమ్మదించాయి. చదువుతూ చదువుతూ వచ్చి, కుర్చీ ఉందో లేదో చూసుకోకుండా కూర్చుంది.

"ఇదేంటండీ?" అంది.

అత్తయ్య కాగితం నాకిచ్చింది. అంచులు పసుపు పచ్చగా మారాయి. పాత రంగు వాసన ఇంకా ఉంది. యజమానులు అన్నచోట రెండు పేర్లున్నాయి. కిందది మామయ్యది. పైన ఉన్న పేరు మామయ్య అన్నయ్యగారిది.

పొద్దున తడిగుడ్డ కింద నా వేళ్లకు తగిలిన అంచులు గుర్తొచ్చాయి. నీలం రంగు కింద ఉన్నది రెండు పేర్లే అయ్యుంటాయి. గీకడం చేతకాక కాదు, చెయ్యి రాక వదిలేసి ఉంటారు.

"తలుపు మీద ఇద్దరి పేర్లూ రాస్తే, పని కలిసి చేస్తున్నందుకే అనుకున్నాను. బండి కూడా కలిసి కొన్నారా?" అంది అత్తయ్య. "ఇన్నేళ్లలో ఒక్కసారి నాతో అన్నారా? ఇప్పుడు ఆయన సంతకం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

నాన్న చేతిలో తాళం చెవి ఆగింది. మా ముగ్గురి మొహాలూ చూసి, సంగతి పూర్తిగా తెలియకపోయినా ఏదో అర్థమై, చప్పుడు చెయ్యకుండా లోలకాన్ని వేలితో కదిపి వదిలారు. గడియారం టిక్కుమంది. తర్వాత మళ్లీ టిక్కుమంది. గడువు ఎల్లుండి మధ్యాహ్నం.

మామయ్య కాగితం మీదకి వంగి తన సంతకం పెట్టారు. పేరు పూర్తిగా, విడివిడి అక్షరాల్లో. దాని కింద ఇంకో గీత ఖాళీగా ఉంది. దాని మీద వేలు ఒకసారి ఆనించి తీశారు. సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని రెండు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నాన్న ఇచ్చిన పెన్ను కూడా దాని పక్కనే పెట్టుకున్నారు.

లేచి చెప్పులు వేసుకున్నారు. అత్తయ్య ఏదో అనబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

వాకిట్లో ఆయన కారు వైపు చూడలేదు. వ్యాను ఎడమవైపు తలుపు దగ్గర ఆగి, నేను పొద్దున తుడిచిన చోట అరచెయ్యి ఆనించారు, జ్వరం చూసినట్టు. తర్వాత గేటు తీశారు. నేను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. ఒక మోకాలు వంచకుండా ఈడుస్తూ, తొందరేమీ లేకుండా, వీధి చివరిదాకా నడిచారు.

అక్కడ ఒక్క క్షణం నిలబడ్డారు. తర్వాత కుడివైపుకి తిరిగారు.